శరణార్థి పిల్లలతో చైల్డ్ ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉద్యోగం: బాలాపూర్ వైపు ఎవరైనా చేస్తున్నారా?

హన్మకొండ_పిల్ల అడిగారు:

అందరికీ నమస్తే. కాకతీయ యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ అయ్యాక హైదరాబాద్ వచ్చి, ఒక స్వచ్ఛంద సంస్థలో బడి మానేసిన బస్తీ పిల్లలతో పనిచేస్తున్నాను. ఇప్పుడు వేరే సంస్థలో చైల్డ్ ప్రొటెక్షన్ ఆఫీసర్‌గా సెలెక్ట్ అయ్యాను. బాలాపూర్, షాహీన్‌నగర్ వైపు మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలతో పని. టోలీచౌకీలో సూడాన్, సోమాలియా, యెమెన్ నుంచి వచ్చిన కుటుంబాలు కూడా కొన్ని ఉన్నాయట.

ఆఫర్ లెటర్‌తో పాటు పంపిన కాగితంలో కేస్ మేనేజ్‌మెంట్, బెస్ట్ ఇంటరెస్ట్ అసెస్‌మెంట్, రిఫరల్ అని రాశారు. పొద్దున లేస్తే అసలు ఏం చేయాలో మాత్రం దాంట్లో తెలియడం లేదు. ఈ దేశం వాళ్లు కాని పిల్లలకు మన చట్టాలు వర్తిస్తాయా? నాకు ఉర్దూ కూరగాయల బండి దగ్గర మాట్లాడేంతే వచ్చు, సరిపోతుందా?

ఇంట్లో నాన్న ససేమిరా అంటున్నారు. "వాళ్ల జోలికి పోతే పోలీసు కేసులు మెడకు చుట్టుకుంటాయి, ఉన్న ఉద్యోగం చేసుకో" అంటున్నారు. వచ్చే సోమవారంలోపు జవాబు చెప్పాలి. ఈ పని చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

సర్కారు_బడి_సార్ రాశారు:

అమ్మా, నేను అటువైపు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. బడి సంగతి వరకు చెప్తాను.

2009 విద్యాహక్కు చట్టంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు అని ఉంది. ఏ దేశం అని లేదు. వయసు రుజువు కాగితం లేదని అడ్మిషన్ ఆపకూడదని 14వ సెక్షన్. ఎప్పుడూ బడి ముఖం చూడని పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టక్కర్లేదు, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని విడిగా నేర్పించాలని 4వ సెక్షన్. ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించేటప్పుడు ఆధార్ గడి దగ్గర పని ఆగుతుంది, అది నిజమే. అందుకే కొన్ని బడుల్లో "ఆధార్ తెచ్చుకుని రండి" అని పంపేస్తారు. మీరు హెడ్మాస్టర్‌తో మర్యాదగా మాట్లాడి ముందు అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు రాయించండి. ఆన్‌లైన్ సంగతి మండల విద్యాధికారి ఆఫీసులో తర్వాత చూసుకోవచ్చు. జూన్‌లో బడిబాట జరిగేటప్పుడు వస్తే పని సులువు, మేమే ఇల్లిల్లూ తిరుగుతుంటాం.

ఇంకో మాట. రిజిస్టర్‌లో పుట్టిన తేదీ రాసేటప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పి రాయించేస్తుంటారు. తల్లిని దగ్గర కూర్చోబెట్టుకుని, నిదానంగా అడిగి రాయించండి.

బాలాపూర్_అక్క రాశారు:

చెల్లీ, నేను కొన్నేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. అంతకుముందు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అవుట్‌రీచ్ వర్కర్‌ని. నువ్వు అడిగినవన్నీ నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా. పిల్లల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

అన్నింటికన్నా ముందు ఒకటి చెప్పాలి. నువ్వు ఏ ఇంటికి వెళ్లినా మొదటి ప్రశ్న పిల్లల గురించి ఉండదు. "మా కార్డు రెన్యువల్ ఎప్పుడు? మమ్మల్ని వేరే దేశం పంపిస్తారా? ఫలానా వాళ్లకు కెనడా వచ్చిందట కదా?" ఇవే. ఆ కార్డు యూఎన్‌హెచ్‌సీఆర్‌ది, అంటే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థది. వేరే దేశానికి పంపడం కూడా వాళ్లూ, ఆ దేశాల ప్రభుత్వాలూ తేల్చే విషయం. ఆ అవకాశం దొరికేది చాలా కొద్దిమందికి. మన చేతిలో లేదు. నీ మనసు కరిగి "చూద్దాం భాభీ" అన్నావంటే ఆ ఇంట్లో దాన్ని మాటిచ్చినట్టే తీసుకుంటారు. చూద్దాం అనకు. "అది నా చేతిలో లేదు, బడి, ఆస్పత్రి, పుట్టిన సర్టిఫికెట్, పిల్లలకు ఎవరైనా హాని చేస్తుంటే ఆపడం నా పని" అని మొదటి రోజే చెప్పు. రెండోసారి వెళ్లినప్పుడూ చెప్పు. మొదట్లో ముఖం తిప్పుకుంటారు. కానీ చెప్పిన పని చెప్పినట్టు అయితే వాళ్లే పిలుస్తారు.

మన చేతిలో ఉన్నవి తక్కువేం కాదు. బయట చాలామంది "వాళ్లకు ఏ హక్కులూ లేవు" అనుకుంటారు. ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లలోనూ కొందరు అలాగే అనుకుంటారు. బాల న్యాయ చట్టం 2015 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని వ్యక్తి ఎవరైనా బాలలే. తల్లిదండ్రులు లేకుండా ఎవరో బంధువుతో సరిహద్దు దాటి వచ్చిన పిల్లవాడు కనబడితే, ఇరవై నాలుగు గంటల్లోపు పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, పోలీసులకో, ఇలాంటి పిల్లల సంరక్షణ సంగతి తేల్చే బాలల సంక్షేమ సమితికో, జిల్లా యూనిట్‌కో చెప్పి తీరాలని ఆ చట్టంలోనే ఉంది. వాడు హన్మకొండ పిల్లవాడైనా, మయన్మార్‌లోని రఖైన్ పిల్లవాడైనా అంతే.

ఇక రోజువారీ పని. సగం రోజు ఇళ్లలో, సగం రోజు ఆఫీసుల చుట్టూ గడుస్తుంది. ఇళ్లంటే, ఎవరిదో ప్లాటు అద్దెకు తీసుకుని ప్లైవుడ్ చెక్కలు, టార్పాలిన్లు కట్టుకున్న గుడిసెలు. ముందు వరసలో కబాడీ కుప్పలు. మగవాళ్లు చెత్త ఏరి తెస్తారు. ఆడవాళ్లు, పిల్లలు సీసాలు ఒక వైపు, అట్టలు ఒక వైపు, రాగి తీగలు ఒక వైపు వేరు చేస్తుంటారు. సొంత కుటుంబ పనిలో పిల్లలు సాయం చేయవచ్చని 2016 సవరణలో ఉంది కదా అని కొందరు నీకు చెప్తారు. అది బడి అయ్యాకో, సెలవుల్లోనో చేసే సాయానికి మాత్రమే. పొద్దున పదకొండింటికి తొమ్మిదేళ్ల పిల్ల తీగల మీద ప్లాస్టిక్ ఒలుస్తూ కూర్చుంటే అది సాయం కిందికి రాదు. అయినా వెళ్లిన వెంటనే చట్టం తీయకు. ముందు ఆ పిల్ల చేతులు చూడు. కోసుకున్నాయా, టీటీ ఇంజెక్షన్ వేయించారా అని అడుగు. మాట అక్కడ మొదలవుతుంది.

ఏ ఇంట్లోనైనా ఐదు నిమిషాలు కూర్చుంటే తల్లి లోపలి నుంచి ఒక బట్టల షాపు కవరు తెస్తుంది. ముడి విప్పి ఒక్కో కాగితం నేల మీద పరుస్తుంది. యూఎన్ కార్డులు, పేట్లబుర్జు ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, వానకు తడిసి మడత దగ్గర అతుక్కుపోయిన బడి చీటీ. తొందరపడి లాగకు, చిరుగుతుంది. ప్రతిదీ ఫోటో తీసుకో, నీ సొంత ఫోన్‌లో కాదు, ఆఫీసు ట్యాబ్‌లోనే. ఈ కవరు చదవడం నేర్చుకుంటే నీ పనిలో సగం నేర్చుకున్నట్టే.

కార్డుల మీద చాలామందికి పుట్టిన తేదీ జనవరి ఒకటి అని ఉంటుంది. రఖైన్‌లోని బుథిడాంగ్, మౌంగ్‌డా వైపు నుంచి 2012 తర్వాత, 2017 ఆగస్టు తర్వాత ప్రాణాలు దక్కించుకుని వచ్చిన జనం. సొంత దేశమే 1982 పౌరసత్వ చట్టంతో వాళ్లను పౌరులు కాకుండా చేసింది. తేదీలు రాసిన కాగితాలు ఎక్కడివి? తల్లి "వానలప్పుడు పుట్టింది" అంటుంది. నమోదు చేసేవాళ్లు సంవత్సరం అంచనా వేసి జనవరి ఒకటి రాస్తారు. కొన్నేళ్లు అది ఎవరికీ పట్టదు. పిల్ల పెద్దదయ్యాక అదే తేదీ ఆమె జీవితాన్ని తిప్పేస్తుంది.

ఒక అమ్మాయి విషయం చెప్తాను. తండ్రి సంబంధం ఖాయం చేశాడు, అబ్బాయి మలేసియాలో ఉంటాడట. నిఖా ఫోన్ మీద, తర్వాత ఏజెంటు తీసుకెళ్తాడు. కార్డు ప్రకారం జనవరి ఒకటికి ఆమెకు పద్దెనిమిది నిండాయి. తండ్రి ఆ కార్డు నా ముందు పెట్టి "ఇంకేం అడుగుతారు మేడం?" అన్నాడు. అమ్మాయి మూల కూర్చుని దుపట్టా కొంగు మెలిపెడుతోంది, తల ఎత్తలేదు.

ఆమె ఐదో తరగతి వరకు ఇక్కడే సర్కారు బడిలో చదివింది. ఆ రోజుల్లో చేర్చుకున్న టీచరమ్మ ఎవరో గానీ తల్లిని సరిగ్గా అడిగి రాసుకున్నట్టుంది. ఫలానా తమ్ముడి కన్నా ఎంత పెద్ద, పడవ ఎక్కిన ఏడాది ఎంత పిల్ల అని లెక్క వేసి రాసిన తేదీ అది. దాని ప్రకారం పదహారు. బాల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో వయసు తేల్చే వరస ఉంది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన సర్టిఫికెట్. ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చని కోర్టులే చెప్పాయి. యూఎన్ కార్డు ఈ వరసలో లేదు. బడి నుంచి సర్టిఫికెట్ తీసుకుని సమితి ముందు పెట్టాం. సమితి తండ్రిని పిలిపించి మాట్లాడి, పద్దెనిమిది నిండే వరకు పెళ్లి చేయనని రాయించుకుంది. పై సార్ రాసింది చదివి నేను దీన్ని గుర్తు చేసుకున్నాను. మీలాంటివాళ్లు నిదానంగా అడిగి రాసిన ఒక్క గడి ఒక పిల్లను ఏజెంటు చేతికి పోకుండా ఆపింది సార్.

అక్కడితో కేసు మూసేస్తే ఆ పిల్లకు ఏం ఒరగదు. తండ్రిది దుర్మార్గం అని నేను అనుకోలేదు. "ఇంట్లో వయసొచ్చిన పిల్ల, మేమిద్దరం తెల్లారకముందే చెత్తకు పోతాం, తలుపుకు గొళ్లెం లేదు, బాత్రూం గల్లీ చివర, అక్కడ లైటు లేదు" అన్నాడు. నిజమే, వెళ్లి చూస్తే ఆ తలుపు ప్యాకింగ్ చెక్కలతో చేసింది, బయట తాడు కట్టుకుంటారు. ముందు లోపలి వైపు గొళ్లెం బిగించాం. ప్లాటు యజమానిని బతిమాలి గల్లీ చివర బల్బు పెట్టించాం. అమ్మాయిని దగ్గర్లోని కుట్టు సెంటర్‌లో చేర్పించి, తెల్లవారుజామున వాళ్లు వెళ్లేటప్పుడు పక్కింటి పెద్దావిడ దగ్గర ఉండేలా మాట్లాడాం. బెస్ట్ ఇంటరెస్ట్ అసెస్‌మెంట్ అని నీ కాగితంలో ఉన్నదానికి ఇదే పని. ఫారం నింపడం చివర్లో. పిల్లను, తల్లిని, తండ్రిని విడివిడిగా కూర్చోబెట్టి, ఈ పిల్లకు దేనివల్ల భయం, దేనివల్ల ధైర్యం అని తెలుసుకోవడం ముందు.

భాష సంగతి. పిల్లలు ఇక్కడికి వచ్చిన కొన్నాళ్లకే మన హైదరాబాదీ ఉర్దూ గడగడా మాట్లాడేస్తారు. నీ ఉర్దూ వాళ్లతో సరిపోతుంది, రోజూ మాట్లాడితే ఇంకా వస్తుంది. తల్లులకు చాలామందికి రోహింగ్యా తప్ప రాదు. అప్పుడు అందరూ చేసేదేమిటంటే పిల్లనే దుబాసీగా కూర్చోబెడతారు. అది మాత్రం చేయకు చెల్లీ. భర్త కొట్టిన సంగతి, దారిలో తన మీద జరిగిన సంగతి ఒక తల్లి తన పదకొండేళ్ల కూతురి నోటితో మనకు చెప్పాల్సి వస్తే, ఆ తల్లి చెప్పదు, చెప్పినా ఆ కూతురు ఎంత మోయాలి? వాళ్ల సమాజంలోనే చదువుకున్న ఆడవాళ్లు ఉన్నారు. డబ్బులిచ్చి, గోప్యత గురించి శిక్షణ ఇచ్చి పెట్టుకోవాలి. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల కోసం జిల్లా యూనిట్‌లో దుబాసీల రిజిస్టర్ ఉండాలని 2020 నిబంధనల్లో ఉంది. అందులో రోహింగ్యా తెలిసినవాళ్ల పేర్లు ఎక్కించమని రాతపూర్వకంగా అడుగు. టోలీచౌకీ వైపు అరబ్బీ, సోమాలీ తెలిసినవాళ్ల పేర్లు కూడా.

పిల్లల్ని "అక్కడ ఏం జరిగింది?" అని అడగకు. క్యారంబోర్డు పెట్టు, రంగులు ఇవ్వు. వాళ్లు ఎప్పుడు చెప్పాలనుకుంటే అప్పుడు చెప్తారు. చెప్పినప్పుడు కళ్లలోకి చూసి విను, మధ్యలో రాసుకోకు.

మీ నాన్నగారి భయం ఊరికే వచ్చింది కాదు. అందుకే చెప్తున్నా, వాళ్లకు ఆధార్ ఇప్పించే జోలికి వెళ్లకు. ఐదు వేలు, పది వేలు తీసుకుని ఇప్పిస్తామని ఏజెంట్లు తిరుగుతుంటారు. అలా తీసుకున్నవాళ్ల మీద ఇక్కడ కేసులయ్యాయి, అరెస్టులయ్యాయి. ఎవరైనా సాయం అడిగితే ఎందుకు కుదరదో వివరించి చెప్పు. ఇక జిల్లా యూనిట్ నుంచి ఒక పరిచయ లేఖ తీసుకుని స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి ఉంచు. చీకటి పడ్డాక ఒక్కదానివే వెళ్లకు, ఎప్పుడూ ఇద్దరు. ఈ జాగ్రత్తలన్నీ ఉంటే ఇది కూడా నువ్వు ఇప్పుడు చేస్తున్న బస్తీ పనిలాంటిదే. మీ నాన్నగారికి ఒకసారి ఫోన్ చేసి మాట్లాడమంటే మాట్లాడతాను.

లాయర్_మలక్‌పేట్ రాశారు:

అక్క చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంచెం. భారత్ 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టమూ లేదు. అయితే రాజ్యాంగంలో సమానత్వం, జీవించే హక్కు గురించిన 14, 21 అధికరణాలు పౌరులకే పరిమితం కాదు. 1996లో అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందాన్ని మన దేశం 1992లో ఆమోదించింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహింగ్యా పిల్లల విషయంలో, ముందు ప్రభుత్వ బడులకు వెళ్లి అడ్మిషన్ అడగమని, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్లమని సుప్రీంకోర్టు చెప్పింది.

మీరు గుర్తుంచుకోవాల్సింది పోక్సో 19వ సెక్షన్. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే శిక్ష ఉంది. శరణార్థి కుటుంబాలు "పోలీసులొస్తే మా కార్డులు అడుగుతారు" అని భయపడి బతిమాలతాయి. కుటుంబాన్ని ఒంటరిగా స్టేషన్‌కు పంపకండి. బాధిత మహిళలు, పిల్లల కోసం పోలీసులు నడిపే భరోసా సెంటర్‌లో స్టేట్‌మెంట్ తీసుకోమని అడగండి, సమితి ద్వారా కేసు పొడవునా పిల్లకు తోడుండే సపోర్ట్ పర్సన్‌ను వేయించండి, న్యాయసేవాధికార సంస్థ నుంచి లాయర్‌ను తీసుకోండి. ఫోటోల విషయం కూడా: పిల్లల ముఖం, పేరు, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. సంస్థలు నిధుల కోసం ఫోటోలు అడుగుతాయి. ఇవ్వకండి.

పాతబస్తీ_ఆశా రాశారు:

పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లో జననం నమోదు చేయించండి అమ్మా. ఆస్పత్రి కాన్పైతే అక్కడి నుంచే వివరాలు వెళ్తాయి, తర్వాత మీసేవలో తీసుకోవచ్చు. చిక్కంతా ఇంటి కాన్పుల్లోనే. ఏడాది దాటితే ఆర్డీవో ఆర్డర్ దాకా తిరగాలి. ఆ సర్టిఫికెట్ వస్తే పౌరసత్వం వస్తుందని కొందరు, ప్రభుత్వం పట్టుకుంటుందని కొందరు అనుకుంటారు. రెండూ కాదు, ఫలానా రోజు ఫలానా చోట ఫలానా తల్లికి పుట్టినట్టు రుజువు, అంతే అని తల్లులకు చెప్పండి. బాలింతను చూడటానికి వెళ్లినప్పుడే చెప్తే వింటారు.

హన్మకొండ_పిల్ల రాశారు:

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ నాన్నకు చదివి వినిపించాను. ఆధార్ గురించి, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే లేఖ గురించి అక్క రాసింది రెండుసార్లు చదవమన్నారు. ఇంకా ఒప్పుకోలేదు గానీ "ఆ అక్క నంబరు తీసుకో" అన్నారు. సంతకం పెట్టే ముందు సంస్థను ఏమేం అడగాలి అక్కా?

బాలాపూర్_అక్క రాశారు:

నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పంపాను, సాయంత్రం ఏడు తర్వాత చేయమను.

కాంట్రాక్టు ఎంతకాలమో అడుగు. 2025 నుంచి శరణార్థుల పనికి బయటి నిధులు బాగా తగ్గాయి, మధ్యలో ఆగిపోయిన ప్రాజెక్టులు ఉన్నాయి. నువ్వు ఆరు నెలలకే వెళ్లిపోతే నీ కేసులు ఎవరికి అప్పజెప్తారో చెప్పమను. ఆ పిల్లలు ఇప్పటికే చాలామందిని పోగొట్టుకుని వచ్చారు, చెప్పకుండా మాయమయ్యేవాళ్ల జాబితాలో మనం చేరకూడదు. ఒక్కో ఆఫీసర్‌కు ఎన్ని కేసులు ఇస్తారు, వారానికోసారి కూర్చుని కేసులు చర్చించే సూపర్‌వైజర్ ఉన్నారా, దుబాసీకి జీతం బడ్జెట్‌లో ఉందా, అర్ధరాత్రి ఒక పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఆటో డబ్బులు ఎవరిస్తారు అని అడుగు. ఈ చివరిదానికి తడుముకున్నారంటే అక్కడ ఫీల్డు తెలిసినవాళ్లు లేరన్నమాట. జవాబులన్నీ ఈమెయిల్‌లో రాయించుకో.

చేరితే మొదటి వారం కేసులు తీసుకోకు. సార్ వాళ్ల బడికి, సైదాబాద్‌లో పిల్లల హోమ్‌కు, నింబోలి అడ్డాలో ఆడపిల్లల హోమ్‌కు, సమితి ఆఫీసుకు వెళ్లి అందరినీ పరిచయం చేసుకో. గురువారం నేను షాహీన్‌నగర్‌లోనే ఉంటాను, పాత ఫైళ్లు తీసిపెడతా, వచ్చి చూడు.